విషమెంత? భయమెంత?

ఊడ్పుల రోజుల్లో దివిసీమ ఆస్పత్రుల్లో పనిచేసిన డాక్టర్లందరికీ ఒక చప్పుడు బాగా తెలుసు. రాత్రి తొమ్మిది దాటాక ఒక మోటారు సైకిలు గేటు దగ్గర ఆగకుండా తిన్నగా వరండా మెట్ల దాకా వచ్చేస్తుంది. అలా వచ్చిందంటే, ఎవరూ చెప్పకుండానే మా స్టాఫ్ నర్సు పాముకాటుకు కావలసిన సరంజామా బల్లమీద సర్దేస్తుంది.

అలాంటి ఒక రాత్రి ఒక కుర్రవాణ్ణి, బండి నడిపేవాడికీ మేనమామకీ మధ్య కూర్చోబెట్టి తీసుకొచ్చారు. పాతికేళ్లుంటాయి. చేలో నీరు చూసి రావడానికి వెళ్లి గట్టుమీద నడుస్తూంటే కాలిమీద కరిచిందట. ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయింది. ఆయాసంతో రొప్పుతున్నాడు. రెండు చేతుల వేళ్లూ కొంకర్లు పోయి బొటనవేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. మూతి చుట్టూ తిమ్మిరెక్కుతోందంటాడు. "విషం గుండెల దాకా వచ్చేసిందండీ, నాకు తెలుస్తోందండీ" అంటాడు. నాడి చూస్తే నిమిషానికి 140. మేనమామ తన తువ్వాలును మోకాలి కింద బిగించి కట్టాడు. కాలు నల్లబడుతోంది. ఆయన రెండో చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. "చంపి తెచ్చామండీ" అన్నాడు గర్వంగా.

సంచి విప్పి చూస్తే నీరుకట్టు పాము. బోదెల్లోనూ కాలవ గట్లమీదా తిరిగే రకం. కోపిష్టిదే, గట్టిగా పట్టుకుంటుంది, నెత్తురు కూడా వస్తుంది. కాని విషం లేదు. కాలిమీద గాటు కూడా అలాగే ఉంది, రెండు కోరలు దిగినట్టు కాకుండా సన్నటి పళ్ల వరస.

అయినా చచ్చిన పాము సాక్ష్యాన్ని డాక్టరు పూర్తిగా నమ్మకూడదు. కరిచిన పాము ఒకటీ, కర్ర దెబ్బకు దొరికిన పాము ఇంకొకటీ కావడం నేను చూశాను. అందుకని రెండు మి.లీ. రక్తం తీసి, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టాం. రక్తపింజరి విషమెక్కితే ఆ రక్తం గడ్డకట్టదు, వంచితే నీళ్లలా జారుతుంది. విషానికి విరుగుడు మందు సిద్ధంగా పెట్టుకుని కాలికి కట్టిన కట్టు మెల్లగా వదులు చేశాం. కనురెప్పలు వాలుతున్నాయా, మెడ ఎత్తగలుగుతున్నాడా, మింగగలుగుతున్నాడా అని మాటిమాటికీ చూశాం. ఈ లోపల నేను స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుని, "నాతోపాటు ఊపిరి తీయి. నేను వదిలినప్పుడే నువ్వు వదులు" అన్నాను. పది నిమిషాలకు వేళ్లు ఒక్కొక్కటే విడివడ్డాయి. ఇరవై నిమిషాలకు గొట్టంలో రక్తం చక్కగా గడ్డకట్టింది. మర్నాటి రాత్రి దాకా ఆస్పత్రిలోనే ఉంచి పంపించాం.

మేనమామ నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు: "అయితే మావాడు ఇంతసేపూ నాటకమాడాడా అండీ?"

"మీ వేళ్లు అలా తిప్పి చూపించండి" అన్నాను. ఆయన నిజంగానే ప్రయత్నించాడు. చేతకాలేదు.

ఈ ప్రశ్నే వేరే మాటల్లో నాకు ఉత్తరాల్లో వస్తూనే ఉంటుంది. ఈసారి గుడివాడ నుంచి ఒక సోదరి రాశారు. ఆమె అత్తగారికి 58 ఏళ్లు. దీపాలు పెట్టే వేళకు ఛాతీ పట్టేసినట్టుంటుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. రెండుసార్లు ఈసీజీ తీశారు, ఎకో తీశారు, ఏమీ లేదన్నారు. "మనసులోది, అంతే" అన్నాడట డాక్టరు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె నొప్పి అంటే కొడుకు పేపరు మడిచి లేచిపోతున్నాడట. 'నిజంగా ఉన్న జబ్బా, లేక కల్పించుకున్నదా?' అని ఆమె అడుగుతున్నారు. ఆమెకు సమాధానం చివర చెబుతాను. దానికి ముందు ఆ కుర్రవాడి వేళ్ల సంగతి తేల్చాలి.

భయం వేసినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరెండిపోతుంది, చెమట పడుతుంది. ఊపిరి త్వరత్వరగా తీయడంతో రక్తంలో ఉండవలసిన బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఆ వాయువు చెడ్డదని బళ్లో చదువుకున్నాం గాని, రక్తంలో కొంత ఉండి తీరాలి. అది తగ్గితే రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. నరాలకు, కండరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. అప్పుడు వేళ్లు కొంకర్లు పోతాయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తిరుగుతుంది. ఇందులో ఏ ఒక్కటీ మనిషి కావాలని చేసేది కాదు. ఆ కుర్రవాడి ఒంట్లో పాము విషం లేదు, అంతే. మిగతాదంతా ఉంది. (ఇలాంటప్పుడు కాగితం సంచిలో ఊపిరి తీయించడం పాత పద్ధతి. ఇప్పుడు మేం వద్దంటున్నాం. అసలు జబ్బు గుండెదో ఊపిరితిత్తులదో అయితే అది ప్రాణానికే ముప్పు.)

ఈ కథ ఇక్కడితో ఆపితే మీకు హాని చేసినవాణ్ణవుతాను. ఇంకో కథ ఉంది. ఇది నా తప్పు కథ.

ఇరవై ఏళ్ల పైమాట. ఒక చిన్న ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. తెల్లవారుజామున పదమూడేళ్ల పిల్లను తీసుకొచ్చారు. రాత్రి నేలమీద చాప వేసుకుని పడుకుంది. కడుపునొప్పితో లేచింది, ఒక వాంతి అయింది. గాయం లేదు, వాపు లేదు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగా ఉంది. ముందు రోజు మార్కుల గురించి తల్లి కేకలేసిందని, ఇవాళ బడికి పోవడానికి భయపడుతోందని తండ్రి చెప్పాడు. నాకు అది సరిపోయింది. "భయమేనమ్మా" అని ఒక ఇంజక్షను రాసి మంచంమీద పడుకోమన్నాను. గంట తర్వాత నర్సు వచ్చి, "సార్, పిల్ల నిద్రొస్తోందంటోంది గాని నిద్రపోవడం లేదు" అంది. వెళ్లి చూస్తే కనురెప్పలు సగం వాలి ఉన్నాయి. పైకి చూడమంటే చూడలేకపోయింది. తల దిండు మీంచి ఎత్తలేకపోయింది. కట్లపాము. అది రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కనబడదు, కడుపునొప్పితో మొదలవుతుంది. ఊపిరి కండరాలు పడిపోయే లోపల విరుగుడు మందు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి, చేతి సంచీతో ఊపిరి కొడుతూ పెద్దాస్పత్రికి తరలించాం. దారి పొడుగునా ఆ సంచీ నొక్కింది తండ్రే. నర్సు లెక్కపెడుతూంటే ఆయన నొక్కాడు. నాలుగు రోజులు మిషను మీద ఉండి ఆ పిల్ల బతికింది.

పోయిన ఆ గంట నాది. 'భయమే' అన్న మాట ఎంత చవకగా నోట్లోంచి వస్తుందో ఆ రోజు నేర్చుకున్నాను. 'మనసుదే' అని తేల్చడం కూడా రోగ నిర్ణయమే. టైఫాయిడ్ అని తేల్చడానికి ఎంత ఆధారం కావాలో దీనికీ అంత కావాలి. పరీక్షల్లో ఏమీ దొరకకపోవడం దానికి ఆధారం కాదు.

ఇప్పుడు పాము మంత్రం సంగతి. మా ప్రాంతంలో మంత్రం వేసేవాళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడుగుతారు, పసరు పోస్తారు, చెవిలో ఏదో చెబుతారు. రైల్వే టెలిగ్రాం మీద పాముకాటు నయం చేసిన స్టేషను మాస్టరు కథ మన తాతల కాలం నుంచీ చెప్పుకుంటున్నాం. ఇవన్నీ అబద్ధాలని, మోసాలని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. బాగుపడ్డవాళ్లు నిజంగానే బాగుపడ్డారు. ఎందుకో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా ప్రపంచంలో 54 లక్షల పాముకాట్లు పడుతూంటే, విషమెక్కేది 18 నుంచి 27 లక్షల మందికే. కరిచింది విషంలేని పాము కావచ్చు. నాగుపామే అయినా ఒక్కోసారి కోర దిగుతుంది గాని విషం వదలదు. అంటే మంత్రగాడి దగ్గరికి వెళ్లేవాళ్లలో సగం మందికి పైగా, వాకిట్లో అడుగు పెట్టేటప్పటికే పాము విషం నుంచి క్షేమం. వాళ్లకున్నది భయం. ఆ భయాన్ని ఆయన నిజంగా తీసేస్తాడు. నేను స్టూలు మీద కూర్చుని చేసిన పనే ఆయన వేపకొమ్మతో చేస్తాడు, బహుశా నాకన్నా బాగా చేస్తాడు.

మిగతా సగం మంది సంగతే చిక్కు. మంత్రం వేశాక వాళ్లకూ గుండెదడ తగ్గుతుంది, చెమట ఆగుతుంది. 'తేలికైంది' అంటారు. ఇంటికి తీసుకుపోయి పడుకోబెడతారు. మనసు ఊరట పడితే భయం తగ్గుతుంది గాని కట్లపాము విషానికి ఆ ఊరటతో పనిలేదు, దాని పని అది చేసుకుపోతుంది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. వాళ్లలో చాలామంది ఆస్పత్రి గుమ్మం తొక్కనివాళ్లే.

2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి పత్రికలకెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆగస్టు నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. అలాంటి వారాల్లో ఊరు ఊరంతా ఒకే భయంతో ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా, ఎలక కొరికినా, ఎండ్రకాయ పట్టినా పామే అనిపిస్తుంది. వాళ్లు ఆస్పత్రికి పరుగెత్తుకు రావడం తప్పు కాదు, నూరుసార్లు రానివ్వండి. యాగం మీదా నాకు ఫిర్యాదు లేదు. పదిమంది కలిసి కూర్చుంటే ధైర్యం వస్తుంది. నా ఫిర్యాదల్లా యాగం నుంచి వచ్చిన ధైర్యంతో టార్చిలైటు ఇంట్లో పెట్టి చేలోకి వెళ్లేవాడిమీదే.

ఇంతవరకూ భయం గురించి చెప్పాను. మనసుకూ ఒంటికీ ఉన్న లంకె దీనితో అయిపోలేదు. గాయం మానడం దగ్గర్నుంచి గుండె కొట్టుకోవడం దాకా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రణరంగంలో పనిచేసిన హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు ఒక వింత గమనించాడు. తీవ్రంగా గాయపడిన సైనికుల్ని 'నొప్పికి మందు కావాలా?' అని అడిగితే నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. యుద్ధం తర్వాత ఊళ్లో ఆపరేషను చేయించుకున్న మామూలు మనుషుల్ని అడిగితే, అంతకన్నా చిన్న గాయానికే ఎక్కువమంది మందు అడిగారు. సైనికుడికి గాయమంటే బతికి ఇంటికి పోవడం. గుమాస్తాకు గాయమంటే జీతం పోవడం, ఇల్లు గడవకపోవడం. కత్తి దిగిన లోతు కన్నా, ఆ గాయానికి మనిషి చెప్పుకునే అర్థాన్ని బట్టి నొప్పి ఉంటోంది. 1978లో మరో సంగతి బయటపడింది. పన్ను పీకించుకున్నవాళ్లకు ఉత్తుత్తి మందు ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది. వాళ్లకు నల్లమందు జాతి మందుల్ని అడ్డుకునే నాలొక్సోన్ అనే ఇంజక్షను ఇస్తే ఆ నొప్పి మళ్లీ వచ్చింది. అంటే నమ్మకం కలిగినప్పుడు మన మెదడు తన సొంత నొప్పిమందు తయారుచేసుకుంటోందన్నమాట.

1995లో అమెరికాలో చేసిన పరీక్ష నాకు ఇంకా ఇష్టం. మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటివాళ్లకు ఏళ్ల తరబడి సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్లను, అదే వయసులో అలాంటి భారం లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరికీ చేతిమీద ఒకే కొలత చిన్న గాయం చేసి, ఎన్నాళ్లకు మానుతుందో చూశారు. భారం లేనివాళ్లకు సగటున 39 రోజులు, సేవ చేసేవాళ్లకు 49 రోజులు పట్టింది. ఇళ్లల్లో మంచానపడ్డ మామగార్లకు, అమ్మలకు చాకిరీ చేసే ఆడవాళ్లు మనకూ ఉన్నారు. వాళ్ల ఆరోగ్యం గురించి ఎవరూ నాకు ఉత్తరం రాయరు.

దివిసీమ డాక్టరుకు ఈ సంగతి తెలియడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. నవంబరు వస్తే చాలు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. గాలి చప్పుడు తప్ప నాకేం గుర్తులేదు. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున ఊళ్లమీదికి వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. అంతకన్నా చాలా ఎక్కువని ఇక్కడివాళ్లంటారు. ఆనాటి పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గరపడింది, యువకులకు డెబ్భై దాటుతోంది. బి.పి., సుగరు జబ్బులతో నా ఓ.పి.కి వచ్చేవాళ్లు వాళ్లే.

నాగాయలంక వైపు నుంచి ఒక పెద్దాయన ఏళ్ల తరబడి వచ్చేవాడు. ఏడాది పొడుగునా బి.పి. అదుపులో ఉండేది. ఏటా కార్తీకమాసం వచ్చేసరికి పెరిగేది. ఉప్పు ఎక్కువైందనుకున్నాను, మందు మార్చాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు రెండు రోజుల ముందు ఛాతీ పట్టేసిందని ఆయన్ని తీసుకొచ్చారు. బి.పి. 200 మీద 110. ఈసీజీ తీశాం, రక్తపరీక్ష చేశాం, గుండెపోటు కాదు. ముందు ఆ పని పూర్తిచేసి, తర్వాత పక్కన కూర్చుని అడిగాను: "బాబాయ్, ఉప్పెనప్పుడు మీరెక్కడున్నారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నాడట. తమ్ముడి చెయ్యి పట్టుకునే ఉన్నాడట. ఏ వేళకో చెయ్యి జారిందట. ఇంట్లో భార్యకు గాని పిల్లలకు గాని ఈ మాట ఎప్పుడూ చెప్పలేదన్నాడు. ఇంకో సంగతీ చెప్పాడు: తుఫాను కబురు విన్న దగ్గర్నుంచి అన్నం సయించదు, నిద్ర ఉండదు, మాత్రలు వేసుకోవాలనే గుర్తుండదు.

ఈ చివరి మాట మీరు దాటెయ్యకండి. మనసు ఒంటిని పాడుచేసే దారుల్లో అన్నిటికన్నా మామూలు దారి ఇదే. దిగులు పడ్డ మనిషి మాత్రలు మానేస్తాడు, నడక మానేస్తాడు, చుట్టో సిగరెట్టో మళ్లీ మొదలుపెడతాడు. క్షయ మందు ఆరు నెలలు వాడవలసింది రెండో నెలలో మానేసేవాళ్లలో ఇలాంటి దిగులు నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పెద్దాయనకు మందులు మార్చలేదు. కార్తీకమాసంలో వారానికోసారి వచ్చి బి.పి. చూపించుకోమన్నాను. మాత్రలు ఇచ్చే పని మనవరాలికి అప్పగించాం. ఆయన కథ చెబుతాడు, మా సిస్టరు బి.పి. చూస్తూ వింటుంది. ఇప్పుడు కార్తీకంలో కూడా 150 దాటడం లేదు. ఇందులో కథ వాటా ఎంత, మనవరాలి వాటా ఎంత అంటే నేను చెప్పలేను.

అయితే గుండెమీద దుఃఖం తిన్నగా దెబ్బకొట్టే సందర్భాలూ ఉన్నాయి. 1990లో జపాను డాక్టర్లు ఒక కొత్త జబ్బు బయటపెట్టారు. హఠాత్తుగా ఆత్మీయులు పోయినప్పుడో, భూకంపం వచ్చినప్పుడో, ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్లకు, అచ్చం గుండెపోటులాగే నొప్పి వస్తుంది. ఈసీజీ కూడా అలాగే మారుతుంది. కాని రక్తనాళాల్లో అడ్డు ఉండదు. గుండె కిందిభాగం బెలూనులా ఉబ్బి పనిచేయడం తగ్గిస్తుంది. జపాను జాలరులు ఆక్టోపస్‌ని పట్టే కుండ ఆకారంలో ఉందని దానికి టకోట్సుబో అని ఆ కుండ పేరే పెట్టారు. చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. కొందరి ప్రాణాలు తీస్తుంది.

ఇక కోలుకోవడం సంగతి. నా అనుభవంలో దీనికి పెద్ద అడ్డు రోగి మనసు కాదు, రోగిని చూడటానికి వచ్చేవాళ్ల నోరు. గుండెపోటు వచ్చి మంచంమీద ఉన్నాయన దగ్గరికి అరటిపళ్లు పట్టుకుని ఒక చుట్టం వస్తాడు. కూర్చోగానే, "మా వియ్యంకుడికీ ఇలాగే వచ్చింది పాపం, రెండోది తట్టుకోలేకపోయాడు" అంటాడు. బందరులో ఎక్కినవాడు ఈ మాట అనడానికే గుడివాడ దాకా వచ్చినట్టుంటుంది. మంచి మనసుతోనే వస్తాడు, నాకు తెలుసు. ఆయన వెళ్లిపోయాక నేను రోగి నాడి చూసి ఎవరో వచ్చి వెళ్లారని చెప్పగలను. తర్వాత ఇంటికి తీసుకెళ్లి పిల్లలు ప్రేమతో మంచం దిగనివ్వరు. స్నానానికి ఇద్దరు పట్టుకుంటారు. 'ఇక నేను పనికిరాను' అని ఆయన మూడు నెలల్లో నిర్ణయించుకుంటాడు. గుండెపోటు తర్వాత దిగులుజబ్బు పట్టుకున్నవాళ్లలో చావులు ఎక్కువని ఎన్నో పరిశీలనలు తేల్చాయి. డాక్టరు నడవమన్నంత నడవనివ్వండి. కూరలు తేవడం ఆయన పనైతే, డాక్టరు సరేనన్నాక ఆ సంచీ ఆయన చేతికే ఇవ్వండి.

మాత్రలతోబాటు వచ్చే కాగితం చదివి ఆ బాధలన్నీ తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. కొలెస్టరాల్ మాత్రలు పడలేదని మానేసిన 60 మందితో ఇంగ్లండులో ఒక పరీక్ష చేసి 2020లో ఫలితాలు చెప్పారు. కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. అసలు మాత్రతో వచ్చిన బాధల్లో నూటికి తొంభై పాళ్లు ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. ఆ సంగతి చూపించాక సగంమంది మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. కాబట్టి పడలేదనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మీరే మానెయ్యకండి.

రెండో వైపు అతి కూడా చెప్పాలి. 'సంకల్పబలంతో కాన్సరు పోయింది' అని చెప్పే మాటలు, పుస్తకాలు ఉన్నాయి. ధైర్యంగా ఉన్నంత మాత్రాన గడ్డ కరుగుతుందని రుజువు లేదు. ధైర్యంగా ఉంటే వైద్యం సక్రమంగా సాగుతుంది, ఉన్న రోజులు బాగా గడుస్తాయి, అది చాలా పెద్ద మేలు. కాని కీమోథెరపీతో ఒళ్లు హూనమై ఏడుస్తున్న మనిషితో, "నువ్వు గట్టిగా అనుకోవడం లేదు, అందుకే తగ్గడం లేదు" అనేవాళ్లను నేను వార్డులోంచి బయటికి పంపించాను. మళ్లీ పంపిస్తాను.

పాముకాటుకు ఇంట్లో చేయవలసింది కూడా ఇక్కడే రాస్తాను, ఊడ్పుల్లో పనికొస్తుంది. మనిషిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి నడవనివ్వకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చెక్కబద్ద కట్టి ఉంచండి, కాని నెత్తురు ఆగేలా తాడు బిగించవద్దు. కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసెయ్యండి. కరిచిన వేళ గుర్తుపెట్టుకోండి. పాము వెంట పడకండి, వీలుంటే దూరం నుంచి ఫోనులో ఫోటో తీయండి. 108కి ఫోను చేయండి. దారిలో ఆ మనిషితో మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండండి. "అయ్యో, ఏమైపోతావురా" అని ఏడ్చే మనిషిని రెండో బండిలో తీసుకురండి.

గుడివాడ సోదరికి: మీ అత్తగారు నటించడం లేదు. ఆమెకు ఉన్నది గుండెజబ్బు కాదని కూడా ఇంకా పూర్తిగా తేలలేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టు కాదు. మెట్లెక్కినప్పుడు, బకెట్టు మోసినప్పుడు పట్టేస్తోందా అని అడగండి. అవునంటే, నడిపించి తీసే పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడండి. సుగరు, థైరాయిడు, ఒంట్లో నెత్తురు ఎంతుందో చూపించండి. సుగరు ఉన్న ఆడవాళ్లకు గుండెనొప్పి నొప్పిలా కాకుండా ఆయాసంలా, కడుపుబ్బరంలా రావచ్చు. నొప్పి చెమటతో వచ్చి పదిహేను నిమిషాలకు తగ్గకపోతే, పాత రిపోర్టులు వెతుక్కోకుండా 108కి ఫోను చేయండి.

ఇవన్నీ బాగున్నాయని తేలితే అప్పుడు దిగులుజబ్బు గురించి చూపించాలి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం దాని లక్షణాల్లో ఒకటి. దానికి మంచి మందులున్నాయి. అవి నిద్రమాత్రలు కావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో తగ్గలేదని మానెయ్యకండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, ముందు టెలి మానస్ వారికి 14416 నంబరుకు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఉత్తరం మూడు పేజీలుంది. ఈసీజీలు తీసిన తేదీలతో సహా రాశారు. మీ మామగారు పోయి ఎనిమిది నెలలయిందన్న సంగతి మాత్రం సంతకం కింద ఒక్క వరసలో రాశారు. వచ్చే ఉత్తరంలో ఆ సంగతి ముందు రాయండి. ఆమెను చెప్పమని, మీరు రాయండి. పేపరు చదువుకుంటున్న మీవారిని కూడా పక్కన కూర్చోమనండి.